ఖాళీ గిన్నెలో సీసం

ఆ పరిశోధనశాలలో అందరూ ఆమెను చుక్కలక్క అనేవారు. వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. ఇరవై మూడేళ్లుగా ఆమె ఉద్యోగం చుక్కలు వదలడమే మరి.

ఎక్కడెక్కడి కొండల నుంచో రాళ్లు వచ్చేవి. కింది అంతస్తులో వాటిని పగలగొట్టి, పిండికన్నా మెత్తగా నూరి, చిన్న డబ్బీల్లో పోసి పైకి పంపేవారు. ఆ పొడిలోంచి సీసాన్ని ఒక్కదాన్నే విడదీసి ఇవ్వడం చుక్కలక్క పని. రాతిలో ఉండే సీసం అంతా ఒకే రకం కాదు. బరువులో కొద్దికొద్ది తేడాలతో నాలుగు రకాలుగా ఉంటుంది. ఏ రకం ఎంత ఉందో కొలిస్తే ఆ రాయి ఎన్ని కోట్ల ఏళ్ల నాటిదో లెక్క కట్టవచ్చు. కొలవడానికి పక్కగదిలో ఒక పెద్ద యంత్రం ఉంది. దాన్ని చూసుకునే బట్టతల ఆయన్ని యంత్రం మాస్టారు అంటారు. ఆ యంత్రానిది పథ్యం తిండి. సీసంతో పాటు ఇనుమో సున్నమో రవ్వంత తగిలినా దానికి అరగదు.

అందుకే చుక్కలక్క గదిలోకి వెళ్లాలంటే పెద్ద తతంగం. బయట చెప్పులు విడిచి, జిగురు చాప మీద నడిచి, తల నుంచి పాదాల దాకా తెల్లని తొడుగు వేసుకుని, రెండు జతల గ్లవుజులు తొడుక్కుని అడుగుపెట్టాలి. లోపల గాలి కూడా వడకట్టిన గాలే. రాతిపొడిని టెఫ్లాన్ గిన్నెలో వేసి, గాజును సైతం తినేసే ఆమ్లం పోసి, మూత బిగించి, నాలుగు రోజులు వేడి పలక మీద ఉంచుతుంది. కరిగినదాన్ని ఆరబెట్టి, మరో ఆమ్లంలో కలిపి, వేలెడంత గొట్టంలోకి చుక్కచుక్కగా వదులుతుంది. గొట్టంలో ఇసుకరేణువులంత గుళికలుంటాయి. సీసం ఆ గుళికలను పట్టుకుని వేలాడుతుంది, మిగతావన్నీ కిందికి జారిపోతాయి. అవి పోయాక ఆమ్లం మారిస్తే, సీసం పట్టు వదిలి చివరి గిన్నెలోకి దిగుతుంది. అది ఆరాక అడుగున మిగిలేది కనిపించీ కనిపించని మచ్చ.

"వారం రోజులు కష్టపడి ఓ మచ్చ తెస్తావు. అదీ నీకు కాదు, యంత్రానికి!" అని ఆమె భర్త ఎగతాళి చేసేవాడు.

ప్రతి విడతలోనూ ఆమె ఒక గిన్నెలో రాతిపొడి వేసేది కాదు. వట్టి గిన్నెకే అన్ని ఆమ్లాలూ పోసి, అన్ని రోజులూ కాచి, గొట్టంలోంచి దింపి, దాన్నీ యంత్రానికి ఇచ్చేది. పనిలో ఎంత మురికి కలిసిందో ఆ ఖాళీ గిన్నె చెబుతుంది. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఇరవయ్యో ముప్ఫయ్యో భాగాల సీసం ఖాళీ గిన్నెలో కనిపించేది. ఆ లెక్క ఇరవై మూడేళ్లలో నలభై దాటలేదు. చుక్కలక్క గొప్పలు చెప్పుకునే మనిషి కాదు కానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం కాస్త తల ఎగరేసేది.

ఆ ఏడాది ఒక సోమవారం ఉదయం యంత్రం మాస్టారు కాగితం పట్టుకుని వచ్చాడు.

"అక్కా, మొన్నటి ఖాళీ గిన్నెలో పొరపాటున ఏమైనా వేశారా?"

"ఖాళీ గిన్నెలో ఏం వేస్తానండీ? వేస్తే ఖాళీ ఎలా అవుతుంది?"

"నాలుగు వందల పది వచ్చింది."

ఆమె నవ్వేసింది. యంత్రానికి ఒంట్లో బాగాలేదేమో చూసుకోమంది. మాస్టారు చూసుకున్నాడు. యంత్రం బాగానే ఉంది. మళ్లీ కొలిచినా నాలుగు వందల పైమాటే.

అక్కడ మొదలైంది తికమక. చుక్కలక్క ఆమ్లాలన్నీ పారబోసి కొత్తగా వడబోసింది. తర్వాతి విడతలో అరవై వచ్చింది. అమ్మయ్య అనుకునేలోపు ఆ తర్వాతి దానిలో ఎనిమిది వందలు. నీళ్లు మార్చింది. గిన్నెలన్నీ వారం పాటు ఆమ్లంలో మరగబెట్టింది. గ్లవుజుల పెట్టె మార్చింది. గాలి వడపోసే జల్లెడలు విప్పించి కొత్తవి బిగించింది. ఏ మార్పుకూ ఏ అంకెకూ పొంతన లేదు. ఒకసారి ఏమీ మార్చకుండానే తొంభైకి దిగింది. ఎందుకు దిగిందో తెలియక, పెరిగినప్పటికన్నా ఎక్కువ బెంబేలెత్తిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమెకు ఒంట్లోనూ తేడా చేసింది. పొద్దున్నే నోట్లో ఇనుపచెంచా పెట్టుకున్నట్టు రుచి. పొట్టలో అప్పుడప్పుడు మెలిపెట్టే నొప్పి. అన్నిటికన్నా భయపెట్టింది మతిమరుపు. చుక్కలు లెక్కపెడుతూ పదిహేడు దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు వదిలింది పదిహేడోదా, వదలబోయేది పదిహేడోదా? ఒక సాయంత్రం బస్సులో కూర్చున్నాక, ఎదుటి సీటులో ముసలాయన అదేపనిగా తన తలవైపు చూస్తుంటే తడుముకుంది. తెల్లని తొడుగు టోపీ నెత్తిమీదే ఉంది.

ఇంట్లోనూ అంతే. ఆమె భర్త లిఫ్టుల మెకానిక్కుగా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక, ఆ ఏడాది మొదటి నుంచి కూలగొట్టిన పాత ఇళ్ల తలుపులు తెచ్చి వెనక వరండాలో గీకి, సాపు చేసి, బల్లలుగా మార్చేవాడు. పనితనం ఉన్న మనిషి. చూసినవాళ్లు ముచ్చటపడేవారు. అలాంటివాడు ఈ మధ్య చీటికీమాటికీ చిర్రెత్తిపోతున్నాడు. తలనొప్పి అంటాడు, అన్నం వద్దంటాడు. ఒకరోజు మర బిగిస్తుంటే చేయి పట్టు తప్పి స్క్రూడ్రైవరు జారిపోతే, దాన్ని పెరట్లోకి విసిరేసి, గంటసేపు వెతికి తెచ్చుకున్నాడు.

"ఏవండీ, ఎందుకంత కోపం?"

"కోపమా? ఎవరికి? నువ్వే పొద్దున్నించీ చెప్పిందే చెప్పి నా బుర్ర తింటున్నావు."

"నేనేం చెప్పాను?"

"అదీ గుర్తులేదా!"

నిజంగానే గుర్తులేదు. ఆయన అబద్ధమాడుతున్నాడో, తను మరిచిపోయిందో తేల్చుకోలేకపోయింది.

కంటి డాక్టరుకు చూపించుకోవడానికి చెల్లెలు వచ్చి మూడు రోజులుంది. రెండోరోజు చుక్కలక్క కళ్లజోడు కనిపించలేదు. ఇల్లంతా వెతికి, చివరికి చెల్లెలి సంచి తెరిచి చూసింది.

"ఏంటక్కా, నా సంచిలో చూస్తున్నావు?"

"నీ కంటిచూపు సరిగా లేదుగా, నాది పెట్టుకుని చూద్దామనుకున్నావేమోనని."

"అడక్కుండా నీ వస్తువు తీస్తానా?"

"చిన్నప్పుడు తీయలేదా?"

మాట మీద మాట పెరిగింది. చుక్కలక్క నోటివెంట దొంగ అనే మాట కూడా వచ్చేసింది. చెల్లెలు ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. కళ్లజోడు మర్నాడు ఫ్రిజ్‌లో, కోడిగుడ్ల పక్కన దొరికింది. దాన్ని తనే అక్కడ పెట్టి ఉంటుందని ఒప్పుకోవడానికి ఆమెకు మనసు రాలేదు, ఇంకెవరు పెట్టి ఉంటారో కూడా తోచలేదు. చల్లగా ఉన్న ఆ కళ్లజోడు పెట్టుకుని, అద్దాలు మసకబారితే, వంటింట్లో అలా నిలబడిపోయింది.

ఈలోగా ఆఫీసులో సంగతి పెద్దది అయింది. పరిశోధనశాల నడిపే మేడం మంచిదే, కానీ మొహమాటం లేని మనిషి. ఒకరోజు తనే తొడుగు వేసుకుంది.

"చుక్కలక్కా, ఈ వారం నువ్వు బయట కూర్చో. అవే గిన్నెలు, అవే ఆమ్లాలు. నేను దింపుతాను."

చుక్కలక్క వారం రోజులు అద్దం బయట కుర్చీలో కూర్చుని చూసింది. మేడం చేయి కాస్త వణుకుతోంది. చుక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇదేం పనితనం అనుకుంది మనసులో. మేడం ఖాళీ గిన్నెలో వచ్చింది ఇరవై ఎనిమిది.

అంటే తప్పు గదిలో లేదు, గాలిలో లేదు, ఆమ్లంలో లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అలా అనకపోవడమే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. "నా చేతుల్లో ఏముంది?" అని బాత్రూములో కుళాయి కింద చేతులు పెట్టి, వేళ్లు ముడతలు పడేదాకా రుద్దుకుంది. వయసైపోయిందా? మెదడు కరిగిపోతోందా? లేక ఇరవై మూడేళ్లూ ఏదో అదృష్టం కొద్దీ నడిచిందా? రాజీనామా రాయడానికి కాగితం తీసింది. తారీఖు వేయబోతే ఆ రోజు ఏ తారీఖో గుర్తురాలేదు. లేచి కాలెండరు చూడటానికి వెళ్లి, ఎందుకు లేచిందో మరిచిపోయి, మొక్కలకు నీళ్లు పోసి వచ్చింది.

ఆలోచన యంత్రం మాస్టారుకు వచ్చింది. ఆయనకు మనుషులతో మాట్లాడటం పెద్దగా రాదు. దూది ముక్కలున్న పెట్టె పట్టుకొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"అక్కా, తప్పుగా అనుకోకండి. మీ జుట్టు ఒకసారి తుడవొచ్చా?"

"నా జుట్టా?"

"జుట్టు, చేతిసంచి, టిఫినుడబ్బా, చున్నీ. అన్నీ."

"నేను తలంటుకుంటూనే ఉంటానండీ!" ఆమెకు సిగ్గూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"శుభ్రం గురించి కాదక్కా. శుభ్రంగా ఉన్నవాళ్లకు కూడా అంటుకునేదేదో ఉండాలి. అదేంటో నాకూ తెలీదు."

దూదిని ఆమ్లంలో నానబెట్టి, సీసం విడదీసి యంత్రానికిస్తే యంత్రం గగ్గోలు పెట్టింది. లెక్క లక్షల్లోకి పోయింది. కొలతకు లొంగాలంటే వెయ్యి రెట్లు పలచన చేయాల్సి వచ్చింది. సీసం ఆమె జుట్టులో ఉంది. జుట్టు నుంచి మెడకు, మెడ నుంచి తొడుగు లోపలికి, తొడుగు నుంచి గ్లవుజుకు, గ్లవుజు నుంచి గిన్నెకు. తల కాస్త ఎక్కువ కదిలిన వారం ఎనిమిది వందలు, తలంటుకున్న మర్నాడు అరవై.

"అయితే నా జుట్టులోకి ఎక్కణ్నుంచి వచ్చింది?"

"అదే కదా," అన్నాడు మాస్టారు. ఇద్దరూ కాసేపు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు.

ఇంటి నుంచి ఏవేవి తేవాలో మేడం చీటీ రాసి ఇచ్చింది: కుళాయి నీళ్లు, వంటింటి దుమ్ము, దువ్వెన, తువ్వాలు. చుక్కలక్క అన్నీ మూతపెట్టి తెచ్చింది. బయల్దేరేముందు, ఎందుకో తెలియదు, వెనక వరండాలో నేలమీదున్న రంగు పొడిని చెంచాడు ఎత్తి పొట్లం కట్టింది. ఆమె తువ్వాళ్లు ఆరేసే తాడు ఆ వరండాలోనే ఉంది. ఆమె తల ఆరబెట్టుకునేదీ అక్కడే, భర్త పాత తలుపుల మీది ఆకుపచ్చ, నీలం, మీగడ రంగు పొరలను గరుకు కాగితంతో రుద్దుతుంటే ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతూ.

ఆ పొడిని కొలిచిన మధ్యాహ్నం మేడం ఆమె దగ్గరికి నడిచి రాలేదు, దాదాపు పరిగెత్తుకొచ్చింది.

"పాత రంగుల్లో సీసం కలిపేవారు. మీ ఇద్దరూ ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. ఇప్పుడే. ఈ గిన్నెలు తర్వాత చూసుకుందాం."

ఆసుపత్రిలో రక్తం తీశారు. డాక్టరు రెండు కాగితాలూ ముందు పెట్టుకుని అద్దాలు సర్దుకున్నాడు.

"ఇద్దరి ఒంట్లోనూ సీసం ఉంది. అమ్మగారిది ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. అయ్యగారిది దానికి రెట్టింపు."

"సీసానా?" అన్నాడు భర్త. "నేనేం సీసా ముట్టుకోలేదండీ. ఆ అలవాటు మానేసి పదేళ్లయింది."

"సీసా కాదండీ, సీసం. లోహం."

"లోహం మింగితే తెలీదా?"

"పొడి పీల్చారు. చేతులు కడుక్కోకుండా టీ తాగారు, తిన్నారు. ఈ కడుపునొప్పి, మతిమరుపు, చిరాకు అన్నీ దానివల్లే కావచ్చు."

"కావచ్చా?" అంది చుక్కలక్క. "అవునా కాదా?"

"కావచ్చు," అన్నాడు డాక్టరు మళ్లీ. "ఈ వయసులో వేరే కారణాలూ ఉంటాయి కదమ్మా."

భర్తను రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచి మందులిచ్చారు. ఆమెకు సెలవు, మంచి తిండి, ఇంటికి దూరంగా ఉండటం. వరండాను తడిబట్టలతో తుడిపించి, తలుపులన్నీ మూట కట్టించి తీసుకుపోయారు. సగం గీకిన నీలం తలుపును ఎత్తుతుంటే, భర్త ఆసుపత్రి నుంచి ఫోనులో, "దాని గడియ ఒక్కటి ఉంచమను, ఇత్తడిది" అన్నాడు. ఉంచలేదు.

రోజులు గడిచేకొద్దీ రక్తంలో లెక్క దిగుతూ వచ్చింది. నోట్లో ఇనుపరుచి పోయింది. పొట్టనొప్పి పోయింది. పోకుండా మిగిలింది అయోమయం.

ఆమె ముందుగా చెల్లెలికి ఫోను చేసింది. సంగతంతా చెప్పి, "ఆ రోజు నిన్ను అన్నది నేను కాదే. సీసం," అంది.

చెల్లెలు వెంటనే అందుకుంది.

"మరి నా పెళ్లైన కొత్తలో నీ గొలుసు కనిపించకపోతే నన్నే అడిగావు కదక్కా. అప్పుడేం పీల్చావు?"

గొలుసు సంగతి చుక్కలక్కకు గుర్తుంది. అడిగిన మాట నిజమే. అప్పుడు వరండా లేదు, తలుపులు లేవు. ఫోను పెట్టేశాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మర్నాడు మళ్లీ చేసి, సీసం ఊసెత్తకుండా, "తప్పైంది, క్షమించవే" అంది. "సరేలే" అంది చెల్లెలు. ఆ సరేలే ఎలాంటి సరేలేనో కూడా ఆమెకు అంతుబట్టలేదు.

భర్తతోనూ అదే చిక్కు. ఇంటికొచ్చాక ఆయన మెత్తబడ్డాడు. కానీ పని లేక కిటికీ దగ్గర కూర్చుని, కూర చల్లారిందంటే విసుక్కున్నాడు. చుక్కలక్క ఆయన ముఖంలోకి తేరిపార చూసింది.

"ఏంటలా చూస్తావు?"

"ఇది మీరా, అదా అని."

"నేనేనే. ముప్ఫై ఏళ్లుగా కూర చల్లారితే నాకు కోపమే."

అవునా? ఆలోచిస్తే అవుననే అనిపించింది, కాదనీ అనిపించింది. ఒంట్లోకి వెళ్లిన సీసం ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి కొంచెంకొంచెంగా బయటికొస్తుందని డాక్టరు చెప్పాడు. అంటే ఏది ఆయన కోపమో, ఏది ఎముకల్లోంచి వచ్చిన కోపమో ఇక ముందూ తేలదు.

ఆరు నెలల తర్వాత ఉద్యోగంలో చేరింది. యంత్రం మాస్టారు ఆమె కోసం ఒక గ్రాఫు దాచిపెట్టాడు. రంగుపొడి ఒక చుక్క, ఆమె జుట్టు ఒక చుక్క, పాత ఖాళీ గిన్నెలు కొన్ని చుక్కలు.

"సీసానికి పుట్టిల్లు ఉంటుందక్కా. ఏ గనిదో దాని నాలుగు రకాల పాళ్లను బట్టి తెలుస్తుంది. మీ జుట్టూ ఆ రంగూ ఒకే పుట్టింటివి. కానీ ఈ ఖాళీ గిన్నెలు చూడండి, దగ్గరగా ఉన్నాయి కానీ సరిగ్గా అక్కడ లేవు. కాస్త పక్కకు లాగుతోంది ఏదో."

"ఏది?"

"తెలీదు. ఇంకోటేదో కూడా కలిసింది. ఇప్పుడు లేదు కాబట్టి వెతకనూ లేం."

ఖాళీ గిన్నె లెక్క తప్పిన నెలల్లో కొలిచిన పదకొండు రాళ్ల వయసులను కొట్టేశారు. పదింటికి పొడి మిగిలి ఉంది, మళ్లీ చేశారు. పదకొండోదానికి మిగలలేదు. దాన్ని తెచ్చిన ప్రొఫెసరుగారు నదికి ఎగువన మూడు రోజులు నడిచి తెచ్చిన ముక్క అది. ఇప్పుడక్కడ ఆనకట్ట నీళ్లు నిండిపోయాయి. ఆయన వస్తే సంగతి చెప్పే పని తనే చేస్తానంది చుక్కలక్క. అన్నీ చెప్పింది, జుట్టుతో సహా.

ఆయన కోప్పడలేదు. కాగితం మీది కొట్టేసిన అంకెను చూస్తూ అడిగాడు.

"అయితే ఆ కొండ వయసెంతమ్మా?"

"తెలీదండీ."

"ఈ అంకె పూర్తిగా తప్పా?"

"తప్పో కాదో కూడా తెలీదండీ. మురికి తక్కువ పడిన వారం చేసిందైతే దగ్గరగానే ఉండొచ్చు. అది ఏ వారం చేశానో పుస్తకంలో నా రాత నాకే అర్థం కాలేదు."

ఆయన పుస్తకం అడిగి తీసుకుని చూశాడు. నిజమే, ఆ వారం అంకె మూడో నాలుగో ఎవరూ చెప్పలేరు. ఇద్దరూ ఒకే పేజీ మీద తలలు వంచి చాలాసేపు కూర్చున్నారు. చివరికాయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, పారేయలేదు.

చుక్కలక్క ఆ తర్వాత మూడేళ్లు పనిచేసి రిటైరైంది. చేయి మునుపటిలాగే కుదురు. ఖాళీ గిన్నెలు మళ్లీ ఇరవైల్లోకి దిగాయి. అయినా గొట్టం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ప్రతి చుక్కకూ ఒక అడ్డగీత గీసేది, పదిహేడు దగ్గర ఒకసారి ఆగి గీతలు లెక్కపెట్టుకునేది. సరిగ్గానే ఉండేవి. సరిగ్గా ఉన్నాయని తెలిశాక కూడా ఇంకోసారి లెక్కపెట్టి, అప్పుడు తర్వాతి చుక్క వదిలేది.